చెనిక్కాయల మీటింగు

నా చిన్నప్పుడు, మూడో తరగతి సెలవుల్లో, ఒక మూట చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, చచ్చిపోయిన సంఘాన్ని లేపి కూర్చోబెట్టడం కళ్లారా చూశాను. చెబితే నవ్వుతారు గానీ నిజం.

మదనపల్లె అవతల ఒక చిన్న టౌను మాది. మా పెద్దమ్మ అక్కడి మున్సిపాలిటీలో వీధులు ఊడ్చేది. ఆ పనివాళ్లకు పేరుకొక సంఘం ఉండేది. ఒక రేకుల గది, తుప్పు పట్టిన బోర్డు, అంతే. పాత నాయకులు కుర్చీల్లో కూర్చుని మైకులో మాట్లాడేవాళ్లు, తక్కినవాళ్లు చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్లు. ఆ నాయకులు రిటైరయ్యాక ఎవరూ అటు తొంగిచూడలేదు.

దాన్ని మళ్లీ నిలబెట్టాలని మా పెద్దమ్మకు పట్టుదల. ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. మొదటి ఆదివారం నలుగురు వచ్చారు. రెండో ఆదివారం ఇరవై మంది దాకా వచ్చారు గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. చెత్త ట్రాక్టరు నడిపే అన్న పోతూ పోతూ, "ఏమ్మా, బోర్డుకు రంగేసినంత సులువనుకుంటివా సంఘమంటే?" అని ఎగతాళి చేశాడు. ఆ రాత్రి పెద్దమ్మ అన్నం సరిగ్గా తినలేదు. వచ్చే ఆదివారం కూడా ఇంతే అయితే గది తాళంచెవి మున్సిపాలిటీ ఆఫీసులో ఇచ్చేసి వస్తానంది.

ఆ వారమే సోమల ఊరి నుంచి మా బంధువులు విత్తనానికి ఒలిచి పెట్టమని చెనిక్కాయల మూట పంపారు. ఆదివారం పెద్దమ్మ ఆ మూటనూ నన్నూ ఆటోలో వేసుకుని గదికి పోయింది. కుర్చీలన్నీ బయట పెట్టించి, గోతాలు పరిచి, కాయలు కుప్ప పోసింది. మా వైపు కాయల కుప్ప ముందు కూర్చుని చేతులు ముడుచుకునే మనిషి ఎవరు? వచ్చినవాళ్లంతా చుట్టూ చేరి ఒలవడం మొదలుపెట్టారు. కోడళ్ల సంగతులు, పని చేయించే మేస్త్రీ తిట్లు, ఒకటే నవ్వులు.

అప్పుడు పెద్దమ్మ సంచిలోంచి కాగితం తీసింది. "గ్లౌజులు, బూట్లు అడుగుదామని రాసుకొచ్చినా. ఏమంటారు?"

అందరిలోకీ పెద్దామె, ఏ మీటింగులోనూ మాట్లాడని మనిషి, తల ఎత్తకుండానే అంది. "గ్లౌజులు ఈ పొద్దు కాకుంటే రేపొస్తాయి. పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా ఒంటేలుకు యాడికి పోవాలమ్మా? నీళ్లు తాగేదే మానేస్తిమి."

ఇక నాలుగు పక్కల నుంచీ మా వీధిలోనూ అంతే, మా వీధిలోనూ అంతే అన్నారు. ట్రాక్టరు అన్న, "ఇన్నాళ్లూ మాకు తెలీదే!" అన్నాడు.

"మీకేమప్పా, యాడ సూసినా గోడ ఉండాది!" అంది ఒకామె. గది అదిరేలా నవ్వారు.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు పడిన వీధి మా ఇంటి పక్కదే, అవసరమైతే ఇంట్లోకి వచ్చి పోయేది. అందుకే ఆమెకు ఆ కష్టం తట్టలేదు. "నాకు తోచిందే రాసుకొచ్చినాను, నాదే తప్పు" అని అందరి ముందూ ఒప్పుకుంది. ఆ కాగితాన్ని పొట్లం చుట్టి, గుప్పెడు ఒలిచిన పలుకులు పోసి నాకిచ్చింది. కొత్త కాగితం ఆ ట్రాక్టరు అన్న చేతే రాయించింది. ఒక్కొక్కరూ చెప్పాకే సంతకాలు, వేలిముద్రలు.

ఆఫీసుకు అందరూ కలిసి పోయారు. మాట్లాడింది ఆ పెద్దామె, పెద్దమ్మ ఆమె వెనక నిలబడింది. నాలుగైదు సార్లు తిరిగాక, మార్కెట్టు పక్కన ఎప్పుడూ తాళం వేసి ఉండే మరుగుదొడ్ల గది నీళ్లతో సహా వాళ్లకు తెరిచారు. ఆ రోజు ఆ పెద్దామె చెంబెడు నీళ్లు గటగటా తాగడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. సంఘం గది తాళంచెవి మా పెద్దమ్మ కొంగుకే ఉండిపోయింది.

ఇప్పుడు నేను మదనపల్లెలో అదే వీధులు ఊడ్చే పని చేస్తున్నాను. సంఘంలో మా వీధుల తరఫున నన్నే ఎన్నుకున్నారు, గొప్పగానే చెప్పుకుంటాను. మొన్న మీటింగులో కొత్తగా చేరిన పిల్ల, "ఏం రాసుకొచ్చినావక్కా?" అని అడిగింది. సంచిలోంచి ఏమీ రాయని తెల్ల కాగితం తీసి చూపించాను. ఆ పిల్ల ఒడిలో దోసెడు చెనిక్కాయలు పోసి, పక్కనే కూర్చున్నాను.