ముక్కుకీ రెక్కకీ మధ్య దూరం

సుప్పయ్య కుడిచేతిలో కోడి ఈక ఉంది. ఎడమచేతి కింద, అట్టమీద గుండుసూదులతో పరిచిన పెద్ద దీపం పురుగు ఉంది. ఈక కొనతో రెక్కమీది పొడిని మెల్లగా దులుపుతుంటే లోపలి ఈనెలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. తేలినదాన్ని తేలినట్టు పెన్సిల్‌తో కాగితం మీదికి దించుతాడు. ఇంతవరకూ చేయి తిరిగిన వాళ్ళెవరైనా చేసే పనే. అతని పిచ్చి ఆ తర్వాత మొదలవుతుంది. ఆ పెన్సిల్ బొమ్మ చేతికిచ్చి, రెక్కలో ఎన్ని ఈనెలున్నాయో ఎదుటివాళ్ళ చేత లెక్కపెట్టించాలి. వాళ్ళు లెక్కపెడుతుంటే వాళ్ళ ముక్కుకీ రెక్కకీ మధ్య దూరం బద్దతో కొలవాలి. ఆ అంకె నోటుబుక్కులో రాసుకుంటే గాని సిరా బుడ్డి మూత తియ్యడు.

మలయాలో, బటాంగ్ బెర్జుంటై దగ్గరి ఆ ఎస్టేటులో అతని ఉద్యోగం రబ్బరు షీట్లకు పొగపెట్టడం. తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టి, కూలీలుండే లైన్లన్నిటినీ ముళ్ళకంచె లోపలికి చేర్చి, కంచె చుట్టూ తెల్లవార్లూ వెలిగే దీపాలు పెట్టారు. ఆ దీపాలు అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్ల కోసం పెట్టినవి. వచ్చినవి మాత్రం పురుగులు. తెల్లవారేసరికి స్తంభాల కింద రాలినవాటిని సుప్పయ్య ఏరుకునేవాడు. పొగగదిలో అతను బొగ్గుతో గీసిన ఒక రెక్కను చూసి పురుగుల ఆఫీసు వాళ్ళే భూతద్దం, కలం, గట్టి కాగితాలు పంపారు. ఇప్పుడు హమీద్ అనే కుర్ర ఆఫీసరు పదిహేను రోజులకోసారి కౌలాలంపూర్ నుంచి వచ్చి బొమ్మలు పట్టుకెళ్తున్నాడు.

పొద్దున్నే గేటు దగ్గర రబ్బరు పాలు గీసేవాళ్ళంతా వరసలో నిలబడాలి. అడవిలోకి గుప్పెడు బియ్యమైనా పోకుండా పోలీసులు డబ్బా మూతలు తీయించి చూస్తారు. ఆ వరసే సుప్పయ్యకు బడి.

"నూకమ్మా, ఇయ్యాల నువ్వే ముందు. సూడు, ఎన్ని ఈనెలున్నాయో సెప్పు."

"దాని ఈనెలు దానికి సాలినన్ని ఉన్నాయి. తప్పుకో బావా, పొద్దెక్కితే పాలు కారవు."

"భూతద్దం నాకు, కళ్ళు మీకు. సెప్పెల్లు."

నూకమ్మ బొమ్మ కాగితం తీసుకుని చెయ్యి చాపింది. చాలక ఇంకా చాపింది. సుప్పయ్య వెంటనే బద్ద పెట్టాడు. వెనక నిలబడ్డ కోడలు చిన్నతల్లికి నవ్వు ఆగలేదు.

"అత్తా, ఇంకాస్త సాపితే అది కంచె అవతల పడుద్ది. పోలీసోడు నిన్ను కాల్చేత్తాడు."

"ఇరవయ్యారు అంగుళాలు," అని రాసుకున్నాడు సుప్పయ్య. "ఈనెలెన్ని?"

"పన్నెండు!" నిన్న ఎవరో అన్న మాట ఆవిడ చెవిలో ఇంకా ఉంది.

"నిన్నటిది వేరే రెక్క. ఇదుగో, దీని తలకాయైనా సూడు. ఈకల్లాంటి మీసాలున్నాయి, బుగ్గలున్నాయి. నోరు లేదు. పుట్టినకాడ్నుంచి సచ్చిందాకా ఏటీ తినదు."

"అయితే ఈ కంచెలో రేషన్ కార్డు అక్కర్లేంది అదొక్కత్తే."

"నోరు లేంది కూడా అదొక్కత్తే," అన్నాడు సుప్పయ్య. నూకమ్మ డబ్బా ఎత్తింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు గాని బద్ద మాత్రం వదల్లేదు.

ఇలా రెండు నెలలు. పోలీసుల ముక్కులు కొలిచాడు, వంటచెరకు మోసే అప్పడి ముక్కు కొలిచాడు, కూలీల మీద అజమాయిషీ చేసే కంకాణి దొరసామి తుమ్ముతుంటే ఆగి మరీ కొలిచాడు. ఒక్క పురుగు, ఒక్క బొమ్మ. మెర్డేకా, అంటే దేశానికి స్వతంత్రం వచ్చే రోజు, దగ్గరకొచ్చింది. హమీద్ వచ్చినప్పుడల్లా అడుగుతాడు, ఇతనేమో "ఇంకా కొలత తేలలేదు" అంటాడు.

నూకమ్మకు నవ్వులాటలకు మనసు లేదు. ముప్పై ఏళ్ళుగా కత్తి పట్టిన మనిషి. బెరడు తియ్యడమంటే ఉల్లిపొర ఒలిచినట్టుండాలి. ఒక్క వెంట్రుకవాసి లోతుకెళ్తే చెట్టుకి గాయమై కణితి కడుతుంది, ఇక అక్కడ పాలు రావు. ఆవిడ గీసిన చెట్టు దగ్గరికి కొత్తవాళ్ళను తీసుకెళ్ళి చూపించిన రోజులున్నాయి. ఈ ఏడాది ఆవిడ చెట్లకే గాయాలు. మంచు వల్ల అంది. కత్తి మొద్దుబారిందంది. చెట్టు ముదిరిందంది. కంకాణి వేలితో గాయం తడిమి చూపించాడు.

"ఎన్నమ్మా ఇది? గీస్తున్నావా, నరుకుతున్నావా? మెర్డేకాలోపు ఇంకొక్క చెట్టుకి గాయమైతే కత్తి ఆఫీసులో పెట్టి గడ్డి కోసే గ్యాంగులోకి పో."

ఆ కత్తి పిడి ఆవిడ బొటనవేలి ఆకారానికి అరిగిపోయి ఉంది. దాన్ని ఆఫీసు బల్లమీద పెట్టడం ఆవిడ తలుచుకోలేకపోయింది. అంత బెంగలోనూ కళ్ళ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు, తనతో తనే అనుకోలేదు.

ఆగస్టు మొదటివారంలో హమీద్ వచ్చి కారులోంచి బొమ్మలు పెట్టుకునే సంచీ బదులు ఒక బిస్కెట్ల డబ్బా దించాడు. మూత తీస్తే అందులో నాలుగు కళ్ళజోళ్ళు. ఒక్కోదానికీ ఒక్కో చీటీ: నూకమ్మ, పొగగదిలో సుప్పయ్యతో పనిచేసే వెంకటసామి, ఇంకో ఇద్దరు ముసలి గీతగాళ్ళు.

"ఈసారి రంగులూ కాగితాలూ వద్దు, వాటి బదులు ఇవి తెమ్మని రాశాడు," అన్నాడు హమీద్ మలయ్ భాషలో. "ఎవరెంత దూరంలో పెట్టుకుంటే రెక్క కనిపిస్తోందో అంగుళాలతో సహా పంపాడు. కళ్ళద్దాల షాపతను ఆ లెక్క చూసి, ఇది ఏ డాక్టరు రాశాడని అడిగాడు."

వరసంతా సుప్పయ్య వైపు తిరిగింది. అతను ఈక నలుపుతూ నేలచూపులు చూశాడు.

"నాకు సత్వారవా?" నూకమ్మ గొంతు గేటు దాటి వినిపించింది. "నా కళ్ళకేటైంది? ఎవులడిగినారు నిన్ను?"

"ఎవులూ అడగలేదు."

"మావా, నాలుగు జోళ్ళ కోసం ఇంతమంది ముక్కులెందుకు కొలిచినావు?" అంది చిన్నతల్లి. "నా ముక్కు కూడా మూడుసార్లు కొలిచినావు."

"మీ అత్త ఒక్కదాన్నే కొలిత్తే ఆ కత్తితో నా ముక్కు కోసీదే. అందరివీ కొలిత్తే సుప్పయ్యకి పిచ్చన్నారు. అదే నయం."

నూకమ్మ డబ్బాలోంచి తన చీటీ ఉన్న జోడు లాక్కుంది. తన చెట్ల వరసలోకి నడిచి, ఎవరూ చూడనిచోట పెట్టుకుంది. బెరడు గీతలు చూసింది. తన చేతులు చూసుకుంది. కత్తి ఆనించి లాగితే పొర చుట్టలు తిరుగుతూ రాలింది, వెనకే పాలు సన్నగా బారు తీశాయి.

ఆ మూడు వారాలూ కంకాణి ప్రతి చెట్టూ తడిమాడు. నెలాఖరున గాయం దొరక్క, "మంచు తగ్గినట్టుంది," అన్నాడు.

"మంచు అలాగే ఉంది కంకాణయ్యా, మనిషే మారింది," అంది నూకమ్మ.

మెర్డేకాకు ముందురోజు హమీద్ ఖాళీ అట్టల సంచీతో వచ్చి నిలబడ్డాడు. కొత్త దేశం పేరుతో వెళ్ళే మొదటి బొమ్మల్లో ఇదొకటి, ఈ పూటే తీసుకుపోవాలన్నాడు. సుప్పయ్య సిరా అంతా పూర్తి చేశాడు. పక్కనుంచి తల, దువ్వెన పళ్ళలాంటి మీసాలు, ముందు రెక్క, వెనక రెక్క. చూసినవాళ్ళు ఊపిరి మెల్లగా వదులుతున్నారు, పొడి ఎగిరిపోతుందేమోనని.

నూకమ్మ జోడు సర్దుకుని ముందుకొచ్చింది. పురుగును చూసింది, బొమ్మను చూసింది. మళ్ళీ పురుగును చూసింది.

"బావా, పురుగు ముందు రెక్కకి పదకొండు. నీ బొమ్మలో పదే."

"తప్పుడు లెక్క."

"ఇక్కడ సూడు. పై అంచులో ఒక ఈనె కొసకెళ్ళి రెండుగా సీలింది. నువ్వు ఒకటే గీసినావు."

సుప్పయ్య భూతద్దం పెట్టి వంగి చూశాడు. పెన్సిల్‌తో ఆ చీలిక వేసే ఉన్నాడు. రెండు నెలలు చేతులు మారి, ఇంతమంది బొటనవేళ్ళ కింద అది చెరిగిపోయింది. సిరా వేసేటప్పుడు కనబడని దాన్ని అతనూ చూడలేదు.

"పదకొండే," అన్నాడు లేచి. తప్పు దొరికినందుకు అతని మొహం వెలిగిపోతోంది. "ఆఫీసరయ్యా, ఈవిడ మా ఎస్టేటులో పాలు గీసే మనిషి. గీత సంగతి ఈవిడకి తెలిసినట్టు నాకూ తెలీదు."

ఊపిరి బిగబట్టి ఆ ఒక్క గీతా వేశాడు. నూకమ్మ తలాడించేదాకా కలం ఎత్తలేదు. సిరా ఆరాక మీద పల్చటి కాగితం కప్పి బొమ్మను రెండు చేతులా అందించాడు. హమీద్ రెండు చేతులా అందుకున్నాడు.