పైవరస బస్తాలు

మా అక్క మామూలు రోజు పొద్దున్నే ఫోన్ చేసిందంటే బావ ఏదో కొంప ముంచుతున్నాడని అర్థం. ఆ రోజు నేను సూర్యాపేటలో మా ఇంటి ముందు నిలబడి పళ్లు తోముకుంటున్నాను.

"తమ్ముడూ, రేపు పొద్దుగాల మీ బావ గొర్ల పైసలన్ని ఆ ఫోన్ల పెడుతుండు. నా గిర్ని పోయినట్టే. జర వచ్చి పో," అంది. గొంతులో ఏడుపుంది.

ఆ గొర్ల సంగతి చెప్పాలి. మోకాళ్లు అరిగేదాకా అక్క వాటి వెంట తిరిగింది. ఇక నడవలేనని మందను అమ్మేసి, ఆ డబ్బుతో కోదాడలో ఇంటి ముందే రేకుల షెడ్డు వేసి పిండి గిర్ని పెట్టుకుంటానంది. ఉన్న ఊళ్లో, కూర్చున్న చోట నాలుగు రూపాయలు సంపాదించాలని ఆమె ఆశ. మిషను కూడా చూసి వచ్చింది. ఇంతలో బావకు వాట్సాప్‌లో క్రిప్టో తగులుకుంది.

నోరు కడుక్కుని బస్సెక్కాను. దారి పొడవునా బావను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆయనేమో పెళ్లికొడుకులా నవ్వుతూ ఎదురొచ్చాడు. "రా బామ్మర్దీ, నువ్వు గూడ పెట్టు, బాగుపడతవ్," అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. పదివేలు పెట్టాడట. నెల తిరక్కుండానే తెర మీద ఇరవై మూడు వేలు చూపిస్తోంది, పచ్చటి అంకెల్లో. గ్రూపులో వందల మంది ఉన్నారు. ఒకడు బండి కొన్నానంటాడు, ఇంకొకడు కూతురికి గొలుసు చేయించానంటాడు. అందరికీ లాభమే.

"ఇంతమందిల నష్టపోయినోడు ఒక్కడు లేడా బావా? మన వడ్ల మార్కెట్ల రోజుకు నలుగురు తల పట్టుకొని కూసుంటరు గదా?"

"నీకన్ని అనుమానాలే. నేనేమన్న ఎడ్డోన్నా? పరీక్ష చేసిన. రెండువేలు తీసి చూసిన, ఐదు నిమిషాల్లో బ్యాంకుల పడ్డయ్. మీ మిల్లుల గూడ గింతే గదా! పిడికెడు చూసి లారీ దించుకుంటరు."

నిజమే మరి. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఏళ్ల తరబడి నా పని అదే. మొన తేలిన ఇనుప గొట్టాన్ని బస్తాలోకి గుచ్చి, అందులోంచి జారిన వడ్లను అరచేతిలో పోసుకుని, నలిపి, కొరికి చూసి, తీసుకోవచ్చో లేదో చెప్పేవాణ్ణి. అక్క నా వైపే చూస్తోంది. నేనే జీవితమంతా చేసిన పనిని బావ చేస్తే తప్పని ఏ మొహంతో అనను? చాయ్ తెమ్మని అడిగి కూర్చున్నాను.

సగం చాయ్ తాగాక గుర్తొచ్చింది. పనిలో చేరిన కొత్తలో ఒక వడ్ల లారీ వచ్చింది. డ్రైవరు మహా మర్యాదస్థుడు. నన్ను సార్ అని పిలిచి, తనే తాళ్లు విప్పి, పైవరస నుంచి నాలుగు బస్తాలు దించి నా ముందు పెట్టాడు. అంతకుముందు నన్నెవరూ సార్ అన్న పాపాన పోలేదు. ఉబ్బిపోయి, ఆ నాలుగూ గుచ్చి చూసి, బంగారంలా ఉన్నాయి దించమన్నాను. కింది వరసలన్నీ తడిసి మొలకలొచ్చిన వడ్లు! మిల్లు యజమాని అందరి ముందూ నన్ను కడిగేశాడు. "గాడు సూపెట్టింది సూసినవ్. నువ్వు సూడాల్సింది సూసినవా?" అన్నాడు. ఆ పూట అన్నం సయించలేదు. అప్పట్నుంచి నేనే లారీ మీదికెక్కి, మధ్యలో నేను చెయ్యి పెట్టిన బస్తానే గుచ్చేవాణ్ణి.

గ్లాసు కింద పెట్టాను. "బావా, తీసి చూడుమని నీకెవరు చెప్పిండ్రు?"

"ఆ గ్రూపు నడిపే సారే. నమ్మకం లేకుంటే తీసి చూస్కోమన్నడు. ఎంత మర్యాదగ మాట్లాడతడో!"

"రెండువేలే తియ్యమన్నదెవరు?"

"అది గూడ ఆయనే."

ఎగిరి గంతేయాలనిపించింది. "దొరికిండు! అది పైవరస బస్తా బావా. ఇప్పుడు నేను చెప్పింది తియ్యి. మొత్తం తియ్యి. ఒక్క రూపాయి మిగలొద్దు."

బావ నసిగాడు. అక్క ఊరుకోలేదు. "జర తియ్యి. నిజంగ ఉన్నయే అయితే రేపు మల్ల పెడుదువు," అంది.

నొక్కాడు. తెర కాసేపు తిరిగి తిరిగి, లాభం మీద పన్ను కింద ముందు ఆరువేలు కడితేనే డబ్బు వస్తుందని చూపించింది. బావ ఆ సారుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"రూల్ అంకుల్. కట్టిన పది నిమిషాల్లో మొత్తం వచ్చేస్తుంది," అన్నాడు వాడు, తేనె పూసిన గొంతుతో.

నేను బావ చెవిలో ఒక మాట ఊదాను. బావ అదే అన్నాడు. "ఆ ఇరవై మూడు వేలు నాయే గదా సార్. అండ్లకెళ్లే ఆరువేలు కోసుకొని మిగిలినయ్ పంపుండ్రి."

"అలా సిస్టమ్ ఒప్పుకోదు అంకుల్. రేపు పెద్ద మొత్తం పెడతానన్నారు కదా, అది పెట్టేయండి. పన్ను నేను మాఫీ చేయిస్తాను."

బావ మొహం ఎర్రబడింది. ఎంతైనా సంతల్లో గొర్లు అమ్మి, కొని, తలపండిన మనిషి. "పన్ను మాఫీ చేయనీకి నువ్వేమన్న సర్కారువా రా?" అని మొదలుపెట్టి, ఇక్కడ రాయకూడని మాటలతో వాణ్ణి ఉతికి ఆరేశాడు. అవతల ఫోన్ ఠక్కున ఆగిపోయింది. కాసేపటికి గ్రూపులోంచి బావను తీసేశారు. అక్క చప్పట్లు కొట్టింది, చిన్నపిల్లలా.

సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేశాం. లోపల ఇరుక్కున్న ఎనిమిది వేలు ఇప్పటికీ రాలేదు. పోతే పోయాయి! గొర్ల డబ్బు పైసా కదల్లేదు. ఏనాడో తిన్న తిట్లు మా అక్క గిర్నిని కాపాడాయి. తిరుగు బస్సులో నన్ను పట్టేవాడు లేడు, పక్క సీటాయనకు వద్దన్నా వినిపించాను.

గిర్ని మొదలైన రోజు మళ్లీ కోదాడ వెళ్లాను. అక్క ఎత్తు స్టూలు మీద కూర్చుని జొన్నలు పోస్తోంది, కనుబొమల మీద పిండి. వాడకట్టులో ఒకాయన సంచితో వచ్చి, వరసలో నిలబడి బావకు ఫోన్ చూపిస్తున్నాడు. "తీసి చూసిన, పడ్డయ్," అంటున్నాడు.

"ఎంత తియ్యాల్నో ఎవరు చెప్పిండ్రు?" అని అరిచాడు బావ, మిషను మోతను మించి.

ఆయన బిత్తరపోయాడు. వరసలో ఉన్న ఆడవాళ్లు ఏమిటేమిటని తొంగిచూశారు. ఆ మిషను మోత కోసమే అంతగా ఏడ్చిన మా అక్క చెయ్యి చాపి దాన్ని ఆపేసింది.

"మల్ల చెప్పు," అంది బావతో. "అందరు ఇనాలె."