జూన్‌లో పుట్టినవాడి పాస్‌పోర్టు

మేము నలుగురు తోబుట్టువులం, నలుగురమూ జూన్‌లోనే పుట్టాం. మా ఊరి బడి రిజిస్టరు అలాగే చెబుతుంది. బిచ్కుంద దగ్గరి ఆ ఊళ్లో నన్ను బడిలో వేసిన రోజు, "ఎప్పుడు పుట్టిండమ్మా?" అని హెడ్మాస్టరు అడిగితే, "చెరుకు బండ్లు పోతుండె సారూ, సలి మస్తుండె" అని మా అమ్మ చెప్పింది. ఆయన ఆ చలినీ బండ్లనూ పక్కన పెట్టి, బడిలో చేరేనాటికి ఐదేళ్లు సరిగ్గా నిండేలా జూన్‌లో ఒక తేదీ వేశాడు. మిగతా ముగ్గురికీ అదే లెక్క. ఆ రిజిస్టరు చూసినవాళ్లు మా ఊరి ఆడవాళ్లు మిగతా పదకొండు నెలలూ కనడం మానేశారనుకుంటారు.

చాలా ఏళ్ల తర్వాత ఆధార్ కోసం కెమెరా ముందు కూర్చున్నప్పుడు మా అమ్మ పక్కనే ఉంది. పుట్టిన తేదీ అడగ్గానే నాకంటే ముందే "సలికాలం" అంది. ఆపరేటరు జనవరి ఒకటి అని కొట్టాడు. అప్పటికే నేను లెక్కల మాస్టరును. టెన్త్ మెమోలో జూన్ ఉందని నోరు విప్పి చెప్పొచ్చు. చెప్పలేదు. ఒక్క కాగితంలోనైనా అసలు నెలకు దగ్గరగా పుడదామని ముచ్చటేసింది. ఆ ముచ్చటే తర్వాత నేను దాక్కోవడానికి పనికొచ్చింది.

బాన్సువాడలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పేవాణ్ణి. నా భార్య ఒక దవాఖానలో నర్సు. మా మేనమామ కూతురు, మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్‌లో పుట్టి పెరిగింది, నన్ను ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. పేషెంటుతో తెలుగులో మొదలుపెట్టిన మాటను మరాఠీలో ముగిస్తుంది, అదేదో మామూలు విషయమన్నట్టు. మాకు ఒక్కతే బిడ్డ, ఇదంతా జరిగినప్పుడు ఏడో తరగతి.

నర్సింగులో ఆమెతో చదువుకున్న ఒకామె మాల్దీవుల్లో పనిచేస్తుంది. ఆమె చెప్పగా దరఖాస్తు పెట్టింది మా ఆవిడ. ఫోన్లో ఇంటర్వ్యూ అయింది. పక్క దేశమే, సముద్రం దాటితే వస్తుంది. ఒక చిన్న ద్వీపంలో ఆసుపత్రి, ఉండడానికి క్వార్టరు, కుటుంబాన్ని వెంట తెచ్చుకోవచ్చు, బడి ఇంగ్లీషులోనే. ఆ మెయిలు వచ్చిన రోజు ఆమె డ్యూటీ నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా నా ముందు కూర్చుంది.

"పోతే ముగ్గురం పోదాం బావా. నేనొక్కదాన్నే పోను. దుబాయ్ పోయినోళ్ల ఇండ్లు మన దిక్కు చూస్తలేమా?"

"భయం కాదా నీకు?" అన్నాను.

"మద్నూర్ కెల్లి జరంత దూరం పోతే భాషే మారుతది. నేను చిన్నప్పటి సంది రెండు దేశాల నడుమ ఉన్నట్టే ఉన్న. నాకేం భయం?"

పోదాం అన్నాను. అబద్ధం కాదు, ఆ క్షణంలో నిజంగానే అన్నాను. నాకు ఇక్కడ ఊపిరాడడం మానేసి చాలా రోజులైంది. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు, ఐదేళ్ల తర్వాత ఎంత అన్న లెక్కను పదిహేనేళ్లుగా అదే బోర్డు మీద చేయిస్తున్నాను. ఆ తండ్రీ కొడుకులు మాత్రం ముసలివాళ్లు కారు. స్కూలు యజమాని క్లాసు మధ్యలో కిటికీ దగ్గర నిలబడి, పిల్లల ముందే "సార్, సిలబస్ యాడిదాకొచ్చింది?" అంటాడు. వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు, మిగతా సగం మీద ట్రాక్టర్లు, ముక్కు నిండా దుమ్ము. ఇంటి నుంచి స్కూలు, స్కూలు నుంచి బస్టాండు, బస్టాండు నుంచి ఇల్లు. గానుగెద్దుకైనా సాయంత్రం కట్టు విప్పుతారు.

మరుసటి రోజు స్టాఫ్ రూములో తోటి సోషల్ మాస్టరుకు చెప్పాను. ఆయనకు చెప్పడమంటే చౌరస్తాలో మైకు పట్టుకోవడమే. నాలుగు రోజులు తిరగకముందే ఊరంతా మమ్మల్ని పంపించేసింది. ఇంటి ఓనరు, "ఎప్పుడు ఖాళీ చేస్తున్నరు సార్? మా బావమర్ది కిరాయికి అడుగుతుండు" అన్నాడు. స్కూలు యజమాని పదో తరగతిని కొత్తగా వచ్చిన మాస్టరుకు ఇచ్చి, నన్ను ఆరో తరగతికి దింపాడు. "ఎట్లాగు పోతున్నరు కదా సార్, మధ్యల పిల్లలు ఆగమైతరు" అని ఎంతో మర్యాదగా చెప్పాడు. కూరగాయలామె సైతం "దుబాయ్ ఎప్పుడు?" అనే అడిగింది. మా దిక్కు ఏ దేశమైనా దుబాయే.

మా అమ్మకు ఎవరో ఈ కబురును 'నీ కొడుకు దేశం పోతున్నడట' అని చేరవేశారు. మావైపు 'దేశాలు పట్టి పోవుడు' అంటే సంసారాన్ని వదిలేసి ఎటో వెళ్లిపోవడం. పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఏంది బిడ్డా, దేశాలు పట్టి పోతున్నవట? గంత కష్టమేమొచ్చింది? పెండ్లాంతోని కొట్లాడినవా?"

"లేదవ్వా, ఆమెతోనే పోతున్న. ఆమెకు నౌకరి వచ్చింది."

 "అయితే నువ్వేం జేస్తవ్ ఆడ?" అంది.

అమాయకంగా అడిగిందో, కావాలనే అడిగిందో ఇప్పటికీ తెలీదు. నాకు మాత్రం అక్కడే తగిలింది. ఆ సాయంత్రం మా ఆవిడ ఫోనులో ఉన్న ఒప్పంద పత్రాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. నా పేరుకు ఎదురుగా డిపెండెంట్ అని ఉంది. కింద సన్న అక్షరాల్లో, డిపెండెంట్లు అక్కడ ఏ ఉద్యోగమూ చేయరాదని ఉంది. వై అనేది ఎక్స్ మీద ఆధారపడి ఉంటుందని వేలసార్లు చెప్పినవాణ్ణి. ఎక్స్ మారితేనే వై మారుతుంది, తనంతట తాను వైకి విలువ లేదు అని. ఆ వై నేనే అవుతానని ఎన్నడూ అనుకోలేదు.

బాన్సువాడ బస్టాండులో నేను నిలబడాల్సిన పని లేదు. కండక్టరు నా స్టూడెంటు, మెకానిక్కు నా స్టూడెంటు, మందుల షాపు అతనూ నా స్టూడెంటే. "సార్, నమస్తే సార్, కూసోండ్రి" అంటారు. అంతవరకూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, పైగా విసుక్కునేవాణ్ణి కూడా. ఆ సన్న అక్షరాలు చదివిన తర్వాతే నాకున్నది అదొక్కటే అని తెలిసింది. ఆ ద్వీపాన్ని అరగంటలో నడిచి చుట్టి రావచ్చట. అందులో నర్సమ్మ మొగుడిగా అన్నం వండుతూ, బట్టలు ఆరేస్తూ, సముద్రం చూస్తూ ఉండాలి. సోషల్ మాస్టరు "వంట నేర్సుకోవాలె సార్ ఇగ" అని నవ్వితే అందరితో పాటు నేనూ నవ్వాను.  ఇక్కడ ఉండలేను, అక్కడికి పోలేను. రెండు వైపులా తలుపు మూసుకున్నది నేనే.

ముగ్గురికీ పాస్‌పోర్టులు కావాలి. మా ఆవిడది ముందే ఉంది. బిడ్డదీ నాదీ కలిపి వేద్దామనుకున్నాం. అప్పుడు బయటపడ్డాయి నా రెండు పుట్టుకలు. మెమోలో జూన్, ఆధార్‌లో జనవరి. రెండూ ఒక్కటయ్యేదాకా దరఖాస్తు వేయొద్దన్నాడు పాస్‌పోర్టు ఫారాలు నింపేటాయన. పెద్ద పనేమీ కాదు. మెమో పట్టుకుని ఆధార్ సెంటరుకు పోతే గంటలో అయిపోతుంది.

ఆ గంట నాకు రెండు నెలలూ దొరకలేదు.

మొదటి వారం పరీక్షలన్నాను. రెండో వారం సెంటరు దాకా పోయి, బయట జనం విడిచిన చెప్పులు చూసి వెనక్కొచ్చి, "క్యూ మస్తుంది" అన్నాను. తర్వాత "సర్వర్ డౌన్ ఉందట" అన్నాను. అది అన్నిటికంటే పనికొచ్చే మాట, ఎవరూ వాదించరు. ఒకసారైతే ఫైలు చంకలో పెట్టుకుని బిచ్కుంద రోడ్డు మీద చివరి మిల్లు దాకా నడిచి, అక్కడ చాయ్ తాగి, ఇంటికి వచ్చి చెమట తుడుచుకున్నాను. "ఇయ్యాల గూడ కాలేదా?" అంది మా ఆవిడ. కాలేదన్నాను. ఆమె మంచినీళ్లు తెచ్చిచ్చింది. బిడ్డ సముద్రం గురించి ఏవేవో చదివి వినిపించేది, తాబేళ్లు, పగడాలు. వినలేక లేచి వెళ్లిపోయేవాణ్ణి.

నేను చెడ్డవాణ్ణి కాదని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. రానని ఎక్కడన్నాను? కాగితం కావడం లేదు, అంతే కదా.

ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన గడువుకు వారం ఉందనగా ఎందుకో ఒక పొద్దున భయమేసింది. ఆమె మిషను మీద బిడ్డ యూనిఫారం కుడుతోంది, వచ్చే ఏడాదికి కూడా సరిపోయేలా అంచు మడతపెట్టి. ఎందుకు, పోతున్నాం కదా అని అడగబోయి ఆగిపోయాను. స్కూలుకు పోకుండా నేరుగా సెంటరుకు పోయాను. క్యూ లేదు. లోపల కంప్యూటరు ముందున్నది నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన అమ్మాయే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. లేచి నిలబడింది. మెమో తీసుకుంది, వేళ్లు పెట్టమంది, చాయ్ తాగినంత సేపట్లో రసీదు చేతిలో పెట్టింది.

"సర్వర్ ఎట్ల పనిచేస్తుందమ్మా ఈ మధ్య?" అని అడిగాను, ఏ బుద్ధి పుట్టిందో.

"మంచిగనే ఉంది సార్. మేడమ్ గూడ అడిగింది గిదే మాట."

"ఏ మేడమ్?"

"మీ మేడమే సార్. నెల కింద వచ్చింది. సార్ ఎన్నిసార్లు వచ్చిండు, పని ఎందుకు కాలేదని అడిగింది. అసలు సార్ రాలేదు మేడమ్ అని చెప్పిన." అమ్మాయి ముఖంలో రంగు మారింది. "తప్పు చెప్పిన్నా సార్?"

తప్పేం లేదన్నాను. నెల రోజులు. ఆ నెల రోజులూ నేను సర్వర్ కథలు చెబుతుంటే, తెలిసి కూడా మంచినీళ్లు తెచ్చిచ్చింది.  

మధ్యాహ్నం ఆమె డ్యూటీ నుంచి రాగానే రసీదు ముందు పెట్టి, "అయింది" అన్నాను. ఆమె దాన్ని చదివింది. మడిచి ఫైల్లో పెట్టింది.

"నేను ఆళ్లకు వస్తలేనని చెప్పిన బావా. పది రోజులైతుంది. కేరళ ఆమె ఎవరో పోతుందట."

"నన్ను ఒక్క మాట అడగకపోతివి."

"అడిగితే ఏం చెప్తుంటివి?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.  ఆమె లేచి చేతులు కడుక్కుని బియ్యం కడగడానికి పోయింది.

ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఊరు కొన్నాళ్లు ఎప్పుడని అడిగి, తర్వాత ఎందుకు పోలేదని అడిగి, చివరికి మరిచిపోయింది. ఇంటి ఓనరు బావమర్దికి వేరే ఇల్లు దొరికింది. పదో తరగతి మాత్రం నాకు తిరిగి రాలేదు, ఆరో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. బస్టాండులో ఇప్పటికీ నమస్తే సార్ అంటారు. ఇంత ధర పెట్టి దాచుకున్న ఆ నమస్తే నా చెవికి వేరేగా వినిపిస్తుంది. మా ఆవిడ తిట్టినా బాగుండేది. ఆమె తిట్టదు. పొద్దున డ్యూటీకి పోతుంది, వస్తుంది, చీర మడత పెట్టుకుంటుంది. మా గదులు రెండే, ఎటు తిరిగినా ఎదురుపడుతుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని అన్నం తింటున్నాం. బిడ్డ ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఏం గుర్తొచ్చిందో, ముద్ద ఆపి నా వైపు చూసింది.

"డాడీ, మనం అప్పుడు మాల్దీవులు ఎందుకు పోలే?"

కాగితాలు లేటయ్యాయి అన్న మాట నా నాలుక చివరే ఉంది. అది బయటికి రాకముందే మా ఆవిడ చారు గిన్నె నా వైపు జరుపుతూ, మామూలు గొంతుతో చెప్పింది.

"డాడీకి ఇష్టం లేకుండె బిడ్డా. చెప్పనీకి సిగ్గైంది."

నేను చారు పోసుకున్నాను. రెండేళ్లుగా దాచిన మాట రెండు ముక్కల్లో అయిపోయింది. బిడ్డ తల్లి వైపు తిరిగింది.

"మరి నీకు, మమ్మీ? నీకిష్టం ఉండెనా?"

ఎంత చిన్న ప్రశ్న. ఆ మెయిలు వచ్చిన రోజు నుంచి ఈ ఆదివారం దాకా నేను ఒక్కసారి కూడా అడగలేదు. భయం కాదా అని అడిగాను. నన్నెందుకు అడగలేదని అడిగాను.

ఆమె వేళ్లు అన్నంలోనే ఉన్నాయి. నా వైపు చూడలేదు.

"నాకు మస్తుండె" అంది.