అంతరాళం తాతయ్య

సృష్టి మొదలైన రోజున మా తాతయ్య గనక అక్కడ ఉండి ఉంటే, వెలుగును పుట్టించే ముందు దాని గురించి రెండు ముక్కలు చెప్పమని మైకు ఆయన చేతికే ఇచ్చేవారు. మనమందరం ఈపాటికి ఇంకా చీకట్లోనే కూర్చుని ఉండేవాళ్ళం. మనవరాలిని కాబట్టి పెంచి చెబుతున్నాననుకోకండి. మూడు నిమిషాల పాటకి పదమూడు నిమిషాల ముందుమాట చెప్పగల సంగీతకారుడు ఈ భూమ్మీద ఇంకొకడుంటే తీసుకురండి. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మనం ఇంటికి పోదాం.

తాతయ్య ఫిడేలు వాయిస్తాడు. పాటలూ తనే కడతాడు. ముప్ఫై ఏళ్ళు నాటకశాలలో వేదిక ముందు వాద్యగాళ్ళు కూర్చునే పల్లంలో వాయించి, పక్క కుర్చీలో క్లారినెట్ వాయించిన స్నేహితుడితో సహా రిటైరయ్యాడు. ఆ స్నేహితుడికి ఏ గుమ్మమైనా తలకి తగులుతుంది కాబట్టి నేను పొడుగు తాత అంటాను. ఇద్దరూ కలిసి ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి, గ్రంథాలయం పై అంతస్తులో ఉన్న చిన్న హాల్లో కచేరీ చేస్తారు. మొత్తం ఐదు పాటలు. ఆ హాల్లో మైకుల పని నాది. తొమ్మిదో క్లాసుతో చదువుకీ నాకూ తెగిపోయాక వైర్లు అతకడం నేర్చుకుని, రెండేళ్ళ కిందట తాతయ్యా వాళ్ళింట్లో చేరి ఈ ఉద్యోగంలో కుదిరాను. అంటే, ఆయన ఉపన్యాసాలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా విని తీరాల్సిన ఏకైక ప్రాణిని నేను. మిగతావాళ్ళు నిద్రపోవచ్చు.

ఆ ఉపన్యాసాలు ఇలా ఉంటాయి. "ఇది పాట కాదు. పాట కావడానికి ఒప్పుకోని ఒక తలుపు." కాసేపు ఆగుతాడు. "ఇందులో నేను నిశ్శబ్దాన్ని ఒంటికాలి మీద నిలబెట్టాను." ఇంకాసేపు ఆగుతాడు. "ఇక్కడ ముఖ్యం స్వరం కాదు. స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న అంతరాళం." అంతరాళం దాకా వచ్చాడంటే ఇక పట్టుకోలేం. అంతరాళానికి లోతుంటుంది, వాసనుంటుంది, జ్ఞాపకశక్తి ఉంటుంది. ఇంత చెప్పించుకున్న ఆ పాట పేరు 'అమూర్త నిరీక్షణ'. పాలు పొంగిపోకుండా పొయ్యి దగ్గర కాపలా కాస్తూ ఈల వేసుకుని కట్టిన పాట అదని అమ్మమ్మ నాతో చెప్పింది. నిరీక్షణ వరకూ నిజమేనన్నమాట.

నా చదువు మీకు తెలుసు కాబట్టి దాచను. చాలాకాలం అంతరాళమంటే కాలేయం పక్కన ఉండే ఏదో అవయవమనుకున్నాను. ఒకసారి ఒంట్లో బాగాలేక, అంతరాళంలో నొప్పిగా ఉంది, ఒకరోజు సెలవు కావాలని హాలు మేనేజరుకి చీటీ రాశాను. ఆయన చదివి, చాలా బాధపడి, రెండు రోజులిచ్చాడు.

శనివారం శ్రోతలు మొత్తం నలభై మంది. రెండేళ్ళలో వాళ్ళందరూ రాటుదేలిపోయారు. మొదటి వరసలో కూర్చునే కళ్ళజోడావిడ ఊలుబంతి వెంట తెచ్చుకుంటుంది. ఒకసారి నాకొక స్వెటర్ చూపించి, "ఈ వీపు భాగం మొత్తం మీ తాతగారి అంతరాళంలోనే అల్లానమ్మా" అంది. రొట్టెల దుకాణం ఆయన తెల్లవారక ముందే లేచే మనిషి కాబట్టి, తాతయ్య గొంతు సవరించుకోగానే నిద్రపోయి, ఫిడేలు మొదలవగానే లేస్తాడు. ఇంకో మొగుడూ పెళ్ళాం కిందికెళ్ళి టీ తాగి, తీరిగ్గా పోట్లాడుకుని, సర్దుకుని మరీ వస్తారు.

చిత్రమేమిటంటే ఇంట్లో తాతయ్యకి మాటల్లేవు. కూరలో ఉప్పు మర్చిపోతే ఆ సంగతి మేం తిన్నాకే తెలుస్తుంది. అమ్మమ్మ పొద్దున ఏదైనా అడిగితే జవాబు మధ్యాహ్నానికి వస్తుంది, అదీ 'ఊ' అని. స్నానాల గదిలో మాత్రం నీళ్ళ చప్పుడు మధ్య "అమూర్తం... అమూర్తం... నైరూప్యం" అని బట్టీ పడుతుంటాడు. తలగడ కింద ఒక నిఘంటువు ఉంటుంది. వారంలో రోజుకి నాలుగు మాటల చొప్పున పోగేసి, శనివారం అన్నీ ఒకేసారి మా నెత్తిన కుమ్మరిస్తాడని నా లెక్క. ఇది నేను ఆయనతోనే అన్నాను. "ఊ" అన్నాడు.

అందరికన్నా ఎక్కువగా తిట్టేది పొడుగు తాత. వేదిక మీదే, తాతయ్య మైకులో పడేంత గట్టిగా, "ఇంక చాల్లేరా, వాయిద్దాం" అని ఒగరుస్తూ విసుక్కుంటాడు. కచేరీ అయ్యాక మెట్లు దిగుతూ మెట్టుమెట్టుకీ ఆగి మరీ తిడతాడు. వీడు నోరు మూసుకుంటే ఐదు కాదు, పది పాటలు వాయించేవాణ్ణంటాడు. భార్య పోయాక ఆయన ఒంటరిగా ఒక గదిలో ఉంటున్నాడు. వారమంతా గడ్డం పెరిగి ఉంటుంది, శనివారం మాత్రం నున్నగా గీసుకుని వస్తాడు. ఆయనకి ఆ ఒక్క సాయంత్రమే వారం.

ఇలా సాగుతుండగా మేనేజరుకి సహనం చచ్చిపోయింది. మా కచేరీ తర్వాత ఏడింటికి అదే హాల్లో నృత్యం క్లాసుంది. వాళ్ళు ప్రతి వారం పావుగంట సేపు తలుపు బయట బూట్లు వేసుకుని నిలబడి, తాతయ్య అంతరాళానికి లయబద్ధంగా నేలని తంతున్నారు. మేనేజరు మా ఇంటికే వచ్చాడు. మంచి మనిషి, బాగా అలిసిపోయిన మనిషి. పాటకి ముందు రెండు నిమిషాలకు మించి మాట్లాడితే శనివారం కచేరీ ఎత్తేయక తప్పదన్నాడు. చెప్పాల్సిందంతా కాగితం మీద అచ్చేయించి పంచుదామన్నాడు. తాతయ్య వద్దన్నాడు. పోనీ అంతా కచేరీకి ముందే ఒకేసారి చెప్పెయ్యమన్నాడు. వద్దన్నాడు. కచేరీ అయ్యాక ఓపికున్నవాళ్ళు ఉంటారు, అప్పుడు చెప్పమన్నాడు. దానికీ వద్దన్నాడు.

"పాటకీ పాటకీ మధ్యే ఎందుకండీ మేష్టారూ?" అన్నాడు మేనేజరు నీరసంగా.

"అంతరాళం అక్కడే ఉంటుంది" అన్నాడు తాతయ్య.

మేనేజరు నావైపు జాలిగా చూశాడు. నాకిది వంశపారంపర్యంగా వచ్చిన జబ్బని అప్పుడర్థమై ఉంటుంది.

ఆయన వెళ్ళాక నేను ఊరుకోలేదు. తాతయ్యా, నీ గొప్ప నువ్వు చెప్పుకోవడం కోసం ఆ ముసలాయనకున్న ఒక్క సాయంత్రం కూడా పోగొడతావా అని అడిగాను. కాస్త ఘాటుగానే అడిగాను. ఆయన ఫిడేలు తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. 

ఆ శనివారం హాలు వెనక ఉన్న నా అద్దాల గదిలో మేనేజరు గడియారం పట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాలు కాగానే వేదిక మీద ఎర్రబల్బు వెలగాలి, తాతయ్య మైకు ఆగిపోవాలి. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే ఉంది. రెండేళ్ళుగా ఆ పని చెయ్యాలని నా వేళ్ళు దురదపెడుతున్నాయి.

మొదటి పాట అయింది. తాతయ్య లేచి, ఇది పాట కాదని మొదలుపెట్టాడు. మామూలుగా నేను ఆ సమయంలో పొడుగు తాత మైకు కట్టేస్తాను. ఆ రోజు మేనేజరు నా నెత్తి మీదే ఉండటంతో మర్చిపోయాను. హాల్లో వినపడేంత కాదుగానీ, నా హెడ్‌ఫోన్లో ఏదో చప్పుడు వచ్చింది. వైరు చెడిందేమోనని గుండీ తిప్పి పెంచాను. వైరు కాదు. ఈల వేసే కెటిల్ లాంటి చప్పుడు. గీ అని లోపలికి, గీ అని బయటికి. పొడుగు తాత ఊపిరి.

ఎర్రబల్బు వెలిగింది. "కట్" అన్నాడు మేనేజరు. చెయ్యి అలవాటుగా దాని పని అది చేసేసింది.

తాతయ్య ఆగలేదు. మైకు లేకుండానే గొంతు పెంచి మాట్లాడాడు. వెనక వరసల్లో నవ్వారు. ఎవరో ఇక చాలన్నట్టు చప్పట్లు కూడా కొట్టారు. ఆయన మొహం కందిపోయింది, బట్టీపట్టిన మాటలైపోయాయి, "అంతరాళం... అంతరాళమంటే... అంతరాళం" అని అక్కడే తిరుగుతున్నాడు. కానీ ఆయన కళ్ళు జనం మీద లేవు. పక్కకున్నాయి, పొడుగు తాత భుజాల మీద. ఆ భుజాలు పైకీ కిందికీ ఎగిరి పడుతున్నాయి. నా చెవుల్లో గీ, గీ.

అప్పుడు నా మట్టిబుర్రకి వెలిగింది. రెండేళ్ళూ తాతయ్య ఉపన్యాసం ఎప్పుడూ సమయం చూసి ఆగలేదు. ఆ భుజాలు చూసి ఆగేది.

మేనేజరు, తాతయ్యని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి వస్తానని తలుపు తీశాడు. నాకు నైరూప్యాలు రావు. నాకు వచ్చింది మైకులే. పొడుగు తాత ముందున్న మైకుని ఒక్కసారిగా పూర్తిగా పెంచాను. హాలంతా కీచుమంది. రొట్టెల దుకాణం ఆయన నిద్రలోంచి లేచి నిలబడ్డాడు, కళ్ళజోడావిడ ఊలుబంతి దొర్లిపోయింది. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని వేదిక మీదికి పరిగెత్తాను.

"ఏమైందమ్మాయ్?" అన్నాడు వెనకాలే వచ్చిన మేనేజరు.

"వైరు పోయిందండీ."

"ఎంతసేపు పడుతుంది?"

"చూడాలండీ."

పొడుగు తాత కుర్చీ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, నిక్షేపంలాంటి మైకుని విప్పాను. విప్పిన మరలు నేల మీద వరసగా పెట్టాను. ఒక్కొక్కటీ తుడిచాను. మళ్ళీ బిగించాను. ఒకటి తప్పు చోట బిగించానని మళ్ళీ విప్పాను. నా తల పైన గీ తగ్గి, సన్నమై, ఆగిపోయింది. అప్పుడు అయిందన్నాను. తాతయ్య నా వంక ఒకసారి చూసి, పాట పేరు మాత్రం చెప్పి, ఫిడేలు కమాను అందుకున్నాడు. మూడో పాటకి ముందు మైకు మళ్ళీ చెడింది. నాలుగో పాటకి ముందూ చెడింది. మేనేజరు చేతిలో గడియారం ఉంది గానీ, మైకు చెడితే ఎవరి మీద చూస్తాడు? ఆ తర్వాత ఉపన్యాసం రెండు నిమిషాలు దాటలేదు కదా.

ఇంటికొచ్చి అమ్మమ్మని అడిగితే, మూడేళ్ళ కిందట పొడుగు తాతకి ఊపిరితిత్తుల జబ్బు చేసిందనీ, క్లారినెట్ మానెయ్యమని, లేదా పాటపాటకీ ఆగి అలుపు తీర్చుకోమని డాక్టరు చెబితే నలుగురిలో ఆయాసపడుతూ కూర్చోవడం కన్నా ఇంట్లో చావడం నయమన్నాడనీ చెప్పింది. నిఘంటువు ఇంట్లోకి వచ్చిందీ ఆ నెలలోనేనట. "ఆ మాటలు బట్టీ పట్టలేక ఎంత యాతన పడ్డాడో" అంది. "ముసలితనంలో ఈయనకీ పిచ్చేమిటనుకున్నాను. అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదుగా."

అప్పట్నుంచి తాతయ్య వేదిక మీద కూడా మాట్లాడటం మానేశాడు. ఆ భారం నేను మోస్తున్నాను. ఈ చుట్టుపక్కల నా అంత పనికిమాలిన మెకానిక్కు లేదని పేరొచ్చింది. కళ్ళజోడావిడ కోపంగా ఉంది, మైకు బాగుచేసే ఐదు నిమిషాల్లో స్వెటర్ చెయ్యి సాగడం లేదట. మేనేజరు కొత్త మైకు తెప్పించాడు. అదీ చెడింది. ఇది కొత్తది కదా అన్నాడు. కొత్త చోటు, అలవాటు పడాలి కదండీ అన్నాను. ఆయన మొన్న వేరే ఊరి హాలుకి మారిపోయాడు కాబట్టి ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను.

కిందటి వారం కచేరీ అయ్యాక పొడుగు తాత క్లారినెట్‌ని ముక్కలుగా విడదీసి పెట్టెలో సర్దుకుంటూ నన్ను దగ్గరికి పిలిచాడు.

"మైకు మూడుసార్లే చెడిందేమ్మా ఇవాళ?"

"అవును తాతా."

"ఐదో పాటకి ముందు కూడా కాస్త చెడితే బాగుండేది."

 ఆయన పెట్టె మూసి, కొక్కెం పెట్టి, మొదటి ఉపన్యాసం నాడే తనకి తెలిసిపోయిందని చెప్పాడు. నాటకశాలలో ముప్ఫై ఏళ్ళలో ముప్ఫై మాటలు మాట్లాడని మనిషి ఉన్నట్టుండి నైరూప్యం గురించి చెబుతుంటే తెలియదా అన్నాడు. మరి అంత తిట్టేవారెందుకంటే, "తిట్టకపోతే నాకు తెలిసిందని వాడికి తెలిసిపోయేది. తెలిస్తే మానేసేవాడు. వాడితో అనకు" అన్నాడు.

అనకు అంటే నా నోరు ఊరుకుంటుందా? ఇంటికెళ్ళగానే చెప్పేశాను. తాతయ్యా, ఆయనకి మొదట్నుంచీ తెలుసట, నువ్వు పిచ్చివాడివని పేరు తెచ్చుకున్నదంతా ఆయన చూస్తూనే ఉన్నాడట అని. ఆయన కళ్ళు తడుస్తాయని, కనీసం నా తల నిమురుతాడని, పక్కనే చతికిలబడి ఎదురుచూశాను. తాతయ్య కమానుకి రాసుకునే గుగ్గిలం బిళ్ళ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తెలిస్తే తెలిసింది" అన్నాడు. "నువ్వు ముందు ఆ మైకు సంగతి చూడు. విప్పీ విప్పీ నిజంగానే పాడుచేశావు."