తెల్లరాళ్ల వానతోట

ఛత్తీస్‌గఢ్‌లోని మా బచేలిలో వాన పడితే కొండ మీది ఇనుపఖనిజం మట్టిని కలుపుకుని ఎర్రనీళ్లు మా క్వార్టర్స్ మీదికి దిగుతాయి. వాటిని ఇంకించడానికే నగరపాలిక వాళ్లు మా వీధి మొదట్లో పల్లంగా తవ్వి, మొక్కలు నాటి, తెల్లరాళ్లు పరిచి వానతోట వేశారు. వీధి నీళ్లన్నీ అందులోకే వెళ్లాలట.

తీరా ప్రారంభోత్సవం ముందురోజు తోట చుట్టూ మోకాలెత్తు సిమెంటు గోడ లేచింది. మా వార్డు పార్షద్, అదే కౌన్సిలరుది, మాలాగే శ్రీకాకుళమే. ఇదేం పని అని నిలదీశాను.

"ఎర్రబురద లోపలికొచ్చెస్తే తెల్లరాళ్లు పాడైపోవేటమ్మా? రేపు ఉద్ఘాటన్‌కి పెద్దోళ్లొస్తన్నారు!" అన్నాడు, బుద్ధిలేనిదాన్ని నేనే అయినట్టు.

మొదటి పెద్దవానకే నీళ్లు ఆ గోడకు కొట్టుకుని, పక్కకు తిరిగి, తిన్నగా మా వంటింట్లోకి వచ్చాయి. మర్నాడు పొద్దున నేను బురదనీళ్లు ఎత్తి బకెట్లో నింపుతుంటే ట్యాంకరు వచ్చి, గోడ మీంచి పైపు వేసి, తోటకు మంచినీళ్లు పట్టడం మొదలుపెట్టింది.

ఒళ్లు మండిపోయింది. బకెట్టు మోసుకెళ్లి ఆ తెల్లరాళ్ల మీద గుమ్మరించాను. వానతోటలోకి చేరిన మొదటి వరదనీళ్లు అవే.