హనుమక్క కట్టుకున్న ఆరో చీర

హనుమక్క నాకి మరదలు. నా తమ్ముడు చౌడప్ప పెండ్లాము. నా మొగుడు పోయినాక నేను తమ్మునింటికే వచ్చి ఉండిపోయినా కాబట్టి, ఆమె సంగతి నాకి తెలిసినంత ఆమె మొగునికి కూడా తెల్దు. వానికి తెలిసింది గొర్రెలొకటే.

మా ఊరు బెళుగుప్ప పక్కన. హనుమక్క ఈడికి కాపురానికి వచ్చినప్పటి నుంచి బొంతలు కుడతాండె. పాత చీరలు ఐదో ఆరో ఒకదాని మీద ఒకటి పరిచి, దబ్బనంతో వరసలు వరసలుగా కుట్టేదే బొంత. అందరికీ వచ్చే పనే. ఆమె కుట్టు చక్కన అంటారు. చక్కనే, కాదనను. నా కుట్టు కూడా ఏం తక్కువ కాదు. అయినా నన్ను ఎవురూ పిలవరు, ఆమెనే పిలుస్తారు. యాలంటే నాకి నోరుండాది, ఆమెకి చెవులుండాయి.

ఆమె ఎవురి చీరలూ ఇంటికి తెచ్చుకుంటాండ్లేదు. వాళ్లింటికే పోయి, బండల మీద చీరలన్నీ పరిచి, ఒక్కోటి ముట్టుకుని అడుగుతాండె. "ఇది ఎవురిదమ్మా? ఎప్పుడు తెచ్చింది?" ఆ ఇంటామె చెప్పుకుంటా పోయేది. ఇది మా అమ్మ పెట్టింది, ఇది మా యత్తది, ఇది చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు కట్టుకున్నది. అదంతా వినే, ఏది లోపల పెట్టల్ల, ఏది పైన పెట్టల్ల అని తేలుస్తాండె. చానా ఇండ్లల్లో తేలేది ఒకటే. అత్త చీర లోపలి పొరలో, అమ్మ చీర మొగానికి తగిలే పక్క. అత్త ఆన్నే కూచుని చూస్తాంటే మాత్రం హనుమక్క రెండూ పైకే వచ్చేట్ల అతికి కుడతాండె. అందుకే అత్తలూ పిలుస్తాండ్రి, కోడండ్లూ పిలుస్తాండ్రి.

ఇంకొక వాడిక ఉండాది. చీరలు పరిచేటప్పుడు ఆ ఇంటామె వాటిల్లో కొంచెం గట్టిగా ఉన్న చీర ఒకటి తీసి పక్కన పెడతాది. "ఇది నీకి హనుమక్కా" అంటాది. అది కుట్టేవాళ్ల చీర. కూలి వేరే. మా చుట్టుపక్కల ఊర్లల్లో ఇది చెప్పేకి పన్లేని మాట. హనుమక్క ముప్పై ఏండ్లు కట్టుకున్నవన్నీ అట్ల వచ్చిన చీరలే. చౌడప్ప చీర తెచ్చింది పెండ్లప్పుడు ఒక్కసారే.

రెండువేల మూడు, నాలుగు, వరసగా వానల్లేవు. ఊర్లో సగం ఇండ్లకు తాళాలు పడె. బెంగుళూరుకు మట్టిపనికి పోయినోళ్లు బొంతలేం కుట్టించుకుంటారు? సంతలో రగ్గులు కూడా అగ్గువకు వస్తాండె. ఆ రెండేండ్లూ హనుమక్క దబ్బనానికి పనే లేదు.

అప్పుడు కళ్యాణదుర్గంలో బట్టలంగడి బదరీనారాయణ శెట్టి కొడుకు అనిల్ కుమార్ నెట్ సెంటరు పెట్టినాడు. పెండ్లయి బిడ్డ పుట్టినోడు. ఆ బిడ్డకి బొంత కుట్టింది హనుమక్కే. నెట్ సెంటరంటే నాలుగు టీవీల మాదిరివి, వాటికి గుడ్డలు కప్పి ఉంటాయి. పరీక్షల రిజల్టు వచ్చిన దినం తప్ప ఆడ ఈగలే ఉంటాండె.

"అక్కా, నీ బొంతలు నెట్టులో పెడతా" అన్నాడు. "నీది బాగుంటే, అది చూపించి తక్కిన అంగళ్లోళ్లవి కూడా పెడతా. నాకి అదే లాభం."

"నెట్టులో పెడితే ఏమవుతాదప్పా?"

"యాడాడోళ్లో నిన్ను చూస్తారు."

"నాకి వాళ్లు కనపడతారా?"

"నువ్వు కనపడతావు. వాళ్లు కనపడరు."

"అదేం యాపారమప్పా, కిటికీ సందులోంచి చూసే యాపారం?" అనింది. అనింది కానీ ఒప్పుకుంది. పని లేని చేతులు దేనికైనా ఒప్పుకుంటాయి.

అనిల్ కుమార్ బొంతలకు ఫొటోలు తీసి పెట్టినాడు. వాళ్ల అంగడి అడ్రసు పెట్టినాడు. చివర్లో ఒక పేజీ, చూసేకి వచ్చినోళ్లు రెండు మాటలు రాసిపోయేకి. ఆరు నెల్లకు నాలుగు పార్శిళ్లు వచ్చె. హనుమక్క ప్రతిదానికీ అనిల్ కుమార్ చేత ఈమెయిలు కొట్టించింది, ఏ చీర ఎవురిదని. హైదరాబాదు ఆయమ్మ రాసిన జవాబు వాడు చదివి చెప్పినాడు: "నీలంది పైన వేయండి, మిగతావి ఎలాగైనా ఫరవాలేదు." హనుమక్క మొగం వాడిపోయె. "చుట్టం లేని చీరలు వదినా ఇవి" అనింది. నాలుగు పార్శిళ్లల్లోనూ చినిగిపోయినవే. కుట్టేవాళ్ల చీర మాటే రాలేదు.

ఐదోది బెంగుళూరు నుంచి. పంపించినామె పేరు హరిత. లోపల కాగితం. ఉత్తరాలు చదివేది మా ఇంట్లో నేనే, మూడో తరగతి ఊరికే పోలేదు. "మా అమ్మ నాగరత్నమ్మ చీరలు. మాది అనంతపురం. అమ్మ పోయిన మాఘంలో పోయింది. మీకు ఎట్ల తోస్తే అట్ల కుట్టండి." అంతే.

ఆరు చీరలు. ఐదు మెత్తబడిన నూలువి. ఆరోది వంకాయ రంగు నేత చీర, ఎర్రంచు, మడత కూడా నలగలేదు. హనుమక్క దాన్ని చేతిలో పెట్టుకుని చానాసేపు కూచునింది.

"ఇదేమన్నా నాకి పంపించిందా వదినా?"

"మల్లేమి? కొత్త చీర ఎవురన్నా బొంతకు పంపుతారా?"

"చెప్పలేదు కదా."

"చెప్పేకి ఆయమ్మ ఈడుందా? అనంతపురం మనిషి, వాడిక తెలీకుండా ఉంటాదా? తీసి పెట్టుకో. నీ హక్కు అది."

ఆ మాట అనింది నేనే. దాచేకి లేదు. ఆమె ఈమెయిలు కొట్టించి అడుగుతా అంటే, ఉచితంగా వచ్చేదాన్ని అడిగి పోగొట్టుకుంటావా అని కూడా అన్నా.

ఐదు చీరల బొంత బెంగుళూరుకు పోయింది. పేజీలో హరిత రాసింది: "కప్పుకుంటే మా అమ్మ పక్కన పడుకున్నట్లు ఉంది." పొరలు ఐదా ఆరా అని ఎవురు లెక్క పెట్టుకుంటారు? ఆ మాట చూసి ఇంకా ఇద్దరు ఆర్డరు చేసినారు. హనుమక్క కండ్లల్లో వెలుగు వచ్చె.

తొమ్మిది నెల్లకు అనిల్ కుమార్ కొత్త కెమెరా తెచ్చినాడు. "అక్కా, నువ్వు కుడతాండే ఫొటో లేదు. మనిషి కనపడితే నమ్మకం వస్తాది. మంచి చీర కట్టుకుని రా" అన్నాడు. ఆమెకుండే మంచి చీర ఏది? వంకాయ రంగుది. అది కట్టుకుని, బొంత ముందర పరుచుకుని, దబ్బనం చేత పట్టి కూచునింది. ఫొటో నిజంగానే బాగా వచ్చింది. వాడు దాన్ని మొదటి పేజీలోనే పెట్టినాడు.

నాలుగు దినాలు కాలేదు. వాడు ఊరికే ఫోను చేసేవాడు కాదు, చౌడప్ప సెల్లుకు చేసినాడు. బిన్నా, ఉన్నపాటున రమ్మన్నాడు. ఇద్దరమూ పోయినాము. వాడు పేజీ చూపించి చదివినాడు.

"ఫొటోలో ఈమె కట్టుకున్నది మా అమ్మ చీర. బొంతలో కుట్టమని పంపినాను. తీసి పెట్టుకుంది. చనిపోయినవాళ్ల చీరలు ఇట్లాంటి వాళ్లను నమ్మి పంపకండి."

హనుమక్క ముప్పై ఏండ్లు ఎంతమంది ఇండ్లల్లో ఒంటరిగా కూచుని కుట్టింటాదో. దారం పోగు పోయిందని ఒక్కరూ అన్నది లేదు.

"ఎంతమంది చూసింటారప్పా ఇది?"

"చెప్పలేము అక్కా. కొత్తగా ఆర్డరు చేసిన ఇద్దరూ వద్దని రాసినారు." వాడు గొంతు తగ్గించినాడు. "నువ్వేం దిగులు పడొద్దు. ఈ మాట నేను తీసేస్తా. ఒక్క నొక్కు నొక్కితే పోతాది. ఫొటో కూడా మారుస్తా. రెండు నెల్లకు ఎవురికీ గుర్తుండదు."

"తీసెయ్యప్పా, తీసెయ్" అన్నా నేను.

"ఉండు" అనింది హనుమక్క. "పక్కింటి మారెప్ప పెండ్లాము మనింటి ముందర నిలబడి అరిస్తే, ఆమె నోరు ఒక నొక్కు నొక్కి మూస్తామా వదినా?"

"మూసేకి అయ్యేట్లుంటే ఎప్పుడో మూసిందును."

"నాకి అట్ల కావద్దు. అనిలప్పా, అది అట్లే ఉండనీ. ఆయమ్మకి ఫోను కలుపు."

వాడు కలిపినాడు. నేను కూడా పక్క నుంచి చెవి ఆనించినా.

"అమ్మా, నేను కళ్యాణదుర్గం హనుమక్కను. బొంత కుట్టినదాన్ని."

ఆ పక్క నుంచి సన్నగా, "మీకు ఎట్లా మనసొప్పిందండీ?" అనింది.

"నేను దొంగను కాదు తల్లీ. మా తట్టు చీరలిచ్చినామె ఒకటి పక్కన పెట్టి కుట్టేవాళ్లకిస్తాది. అది వాడిక."

"నేను ఇచ్చినానా?"

"ఇయ్యలేదు."

"అడిగినారా?"

"అడగల్లనుకున్యా. అడగలేదు. నీ చేత్తో ఇయ్యాల్సింది నా చేత్తో నేనే ఇచ్చుకున్యా. తప్పు నాదే."

వాడిక మాట ఇంకా గట్టిగా చెప్పల్ల కదా అని నేను ఆమె మోచేతిని పొడిచినా. ఆమె నా చెయ్యి తీసేసింది.

"ఇప్పుడు చెప్తే ఏం లాభం?" అనింది హరిత. "మీరు కట్టుకున్న చీర నేనేం చేసుకోవాలి?"

"అది నువ్వే చెప్పల్ల. చీర తీసుకుని వస్తా. అడ్రసు నా దగ్గర ఉండాది" అని ఫోను పెట్టేసింది. ఆ పక్కామె వద్దనేకి కూడా సందియ్యలేదు.

మర్సటి దినం పావగడ మీద బెంగుళూరుకు పోయే బస్సెక్కినాము. నేనెందుకు పోయినా అంటే, ఆమెని ఆడ ఎవురన్నా మాటంటే పడేది ఆమె, తిరిగి అనేదాన్ని నేను. చౌడప్ప మాత్రం "చీర పోస్టులో పడెయ్యక, ఆ బస్సు చార్జీ దుడ్లతో ఒక పొట్టేలు పిల్ల వస్తాది" అని గొణుక్కుంటా గొర్రెలెంట పోయినాడు.

హరిత ఇల్లు మూడో అంతస్తు. తలుపు తీసిన హరిత ముప్పై ఐదేండ్ల మనిషి, కండ్ల కింద నలుపు. నేను తెచ్చుకున్న మాటలన్నీ వదిలి, చెప్పులు విప్పి లోపలికి పోయినా. కూచోమంది. హనుమక్క నేల మీదనే కూచుని చీర ముందర పెట్టింది.

"ఉతికి తెచ్చినా. కానీ నేను కట్టింది కట్టిందే, దాన్ని లేదనిపించలేను. వద్దంటే ఈడే వదిలి పోతాము. కావల్లంటే ఆ బొంత తీసుకురా, ఇదీ కలిపి కుట్టి పోతా. నువ్వు ఎట్ల చెప్తే అట్ల."

హరిత లోపలికి పోయింది. పోయినామె ఎంతసేపటికీ రాదు. ఇంక పోదాం పా అని నేను లేచినా. అప్పుడు వచ్చింది, ఒక చేతిలో కాఫీ పళ్లెము, చంకలో బొంత.

"కుట్టండి" అనింది. "పైన వచ్చేట్టు."

హనుమక్క అంచులు విప్పింది. బొంత మీద వంకాయ రంగు చీర పరిచి, అరచేత్తో సాపు చేసుకుంటా, "ఇది ఎప్పుడు తెచ్చింది తల్లీ?" అని అడిగింది.

ఇంక చూడండి. ఆ చీర వాళ్లమ్మ ఈ పిల్ల సీమంతానికని కొనుక్కుందంట. ఆ కడుపు నిలవలేదంట. సీమంతం జరగలేదు, చీర కట్టలేదు. అమ్మ పోయినాక అది ఇంట్లో ఉంటే చూడలేక, పారేయలేక హరితే బొంతకు పంపిందంట, లోపలి పొరలో కనపడకుండా పోతాదని. ఆ మాట మొగునికి కూడా చెప్పలేదంట. హనుమక్క తల ఎత్తలేదు, అయ్యో పాపం అనలేదు. వింటా కుడతాండె. నేను దారాలెక్కిస్తాంటి. రెండు దినాలు ఆన్నే తిని ఆన్నే పండుకున్యాము. నేను కూడా రెండు వరసలు కుట్టినా. ఏవి నావో చూసి చెప్పండి అంటే హరిత చెప్పలేకపోయింది.

పోయేటప్పుడు హరిత బీరువాలోంచి ఒక కొత్త చీర తెచ్చి హనుమక్క చేతిలో పెట్టింది. "ఇది నేను నా చేత్తో ఇస్తాండేది" అనింది.

హనుమక్క కండ్లకద్దుకుని వెనక్కి ఇచ్చేసింది. "ఈ బొంతకు రావల్సింది నేను తీసేసుకున్యా తల్లీ. తొమ్మిది నెల్లు కట్టుకుంటి. ఒక బొంతకు రెండు చీరలుండవు."

బస్సులో నేను ఊరుకుంటానా? "అంత మంచి చీర వద్దనేకి నువ్వెవురే?"

"నీ మాట వినే కదా వదినా ఇంత దూరం వచ్చినాము" అనింది. నేను కిటికీ తట్టు తిరుక్కుని పావగడ వచ్చేదాకా మైలురాళ్లు లెక్కపెట్టినా.

హరిత ఫొటో చూసి రాసిన మాట తీయమని అనిల్ కుమార్‌కి చెప్పలేదు, వాడూ తీయలేదు. దాని కింద ఇంకొకటి రాసింది: "వాళ్లు వచ్చినారు. మా ఇంట్లో రెండు రోజులు కూర్చుని ఆరో చీర కూడా కుట్టి ఇచ్చినారు. పైన రాసింది నిజమే, ఇదీ నిజమే." హనుమక్క అది రెండుసార్లు చదివించుకుని, "మొదటి పేజీలో ఒక మాట పెట్టప్పా" అనింది. కుట్టేవాళ్లకు ఒక చీర ఇచ్చేది మా వాడిక, ఇష్టముంటే ఏ చీరో చెప్పి ఇయ్యండి, లేకుంటే లేదనండి, కుట్టు ఒకటే ఉంటాది అని. వాడు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పెట్టినాడు.

మూడు నెల్లు ఎవురూ రాలేదు. ఇంక అయిపోయిందనే నేననుకున్యా. నాలుగో నెల మైసూరు నుంచి ఒక ముసలామె ఫోను చేసింది, మనమరాలి చేత హరిత రాసిన రెండు మాటలూ చదివించుకుందంట.

"ఏమమ్మా, బెంగుళూరుకు పోయి కుట్టి వచ్చింది నువ్వేనా?"

"నేనే."

"అయితే నా చీరలు పంపుతా. మీ వాడిక ఏదో ఉందంట కదా. నీకు చీర కావల్లా, దానికి బదులు దుడ్లు కావల్లా?"

హనుమక్క నవ్వింది. "నువ్వు అడిగినావు కదమ్మా, అంతే చాలు. నీకేది తోస్తే అది పంపు" అనింది.

నన్నడిగింటే రెండూ పంపమని చెప్పిందును.