ఫర్నేస్‌ని అంటగట్టిన భోజనం

కెనడాలోని శాస్కటూన్‌లో సోడియం బ్యాటరీల మీద పీహెచ్‌డీ చేస్తున్న గార్త్ వీబ్‌కి ఆరో ఏడు నడుస్తోంది. ల్యాబ్‌లో అతణ్ణి తాతగారనే పిలుస్తారు. బ్యాటరీకి కావలసిన పొడిని కాల్చే ఫర్నేస్ ఒకటుంది అక్కడ, దానికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎప్పుడు అలుగుతుందో గార్త్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అదే అతని కొంప ముంచింది. దాన్ని నేర్చుకునే మనిషి దొరికేదాకా థీసిస్ ఊసెత్తొద్దని ప్రొఫెసర్ పెట్రిక్ తేల్చి చెప్పేసింది.

ల్యాబ్‌లో కొత్త పీహెచ్‌డీ సీటు ఖాళీగానే ఉంది. చూసిపోదామని వచ్చినవాళ్లంతా ఫర్నేస్ కథ విని తిరుగుముఖం పట్టారు. అందుకే ఈ ఫిబ్రవరిలో దేశానికి ఆ చివరున్న మాంక్టన్ నుంచి నోయెమీ ఆర్సెనో అనే అమ్మాయి వస్తోందనగానే గార్త్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వచ్చినవాళ్లని విద్యార్థులే భోజనానికి తీసుకెళ్లడం అక్కడి ఆనవాయితీ. దాపరికం లేకుండా మాట్లాడుకోవాలని ప్రొఫెసర్ ఆ ఛాయలకే రాదు. ఆ దాపరికం లేకపోవడంతోనే గార్త్‌కి పేచీ. జూనియర్ టానిస్‌ని బతిమాలి ఆమె నోటికి తాళం వేయించాడు.

హోటల్లో వేయించిన ఉల్లిముక్కలతో పెరోగీలు వచ్చాయి, బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి. ల్యాబ్‌లో అంతా సజావుగా సాగుతుందని, ఫర్నేస్ గోవులాంటిదని గార్త్ కోతలు కోశాడు. టానిస్ తల ఎత్తకుండా తింటోంది. పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పడుతుందని నోయెమీ అడిగింది.

"నాలుగేళ్లండి," అన్నాడు గార్త్. అక్కడితో ఆగితే బాగుండేది. ఏ అంకె చెప్పినా అందులో ఎంత తేడా రావచ్చో కూడా చెప్పకపోతే నిద్రపట్టని జాతి ఈ ల్యాబుల వాళ్లది. "రెండేళ్లు అటూ ఇటూ," అని కలిపేశాడు.

"రెండేళ్లకే పూర్తి చేసిందెవరు?"

"ఎవరూ లేరు. ఆరేళ్ల వైపు మాత్రం నేనున్నాను."

టానిస్‌కి పొలమారింది. "ఇంకేం దాస్తావు తాతగారూ, చెప్పేసెయ్," అంది.

ఇక ఆగలేదతను. ఫర్నేస్ బయట చూపించే వేడి ఒకటి, లోపలి వేడి మరొకటని తెలుసుకోవడానికే రెండేళ్లు పట్టిందన్నాడు. గాలిలో తేమ తగిలి పొడి ఎన్నిసార్లు పాడైందో చెప్పాడు. తన పెరోగీలు చాలక ఆ అమ్మాయివి కూడా లాక్కుని వరసలుగా పేర్చి, మధ్యలో ఉల్లిముక్కలు దూరుస్తూ పొడి పొరల మధ్య సోడియం ఎలా వచ్చిపోతుందో చూపించాడు. ఈ చలికాలం ఎట్టకేలకు మంచి పొడి తయారైందని కూడా చెప్పాడు. తలెత్తి నోయెమీని చూశాక గానీ ఎంత వాగాడో తెలియలేదు. ఇక ఈ అమ్మాయీ చేరదు, తన విడుదలా పోయింది.

"ఇప్పటికి మూడు ల్యాబులు చూశానండి," అంది నోయెమీ. "అంతటా అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. మరి నేను చేరి చేసేదేముందో అర్థం కాలేదు. ఇక్కడ పనుంది. ఆ ఫర్నేస్ నాకిస్తారా?"

గార్త్ తలూపాడు. సెప్టెంబరులో చేరతానని, అప్పటిదాకా దాన్ని వేరే ఎవరి చేతిలోనూ పెట్టొద్దని ఆ అమ్మాయి కోరింది. తనుండగా ఎవర్నీ ముట్టుకోనివ్వనని గార్త్ మాటిచ్చేశాడు.

బయట కారు దగ్గరికి వచ్చాక, అంటే సెప్టెంబరు దాకా ఇక్కడే ఉంటావన్నమాట అని టానిస్ నవ్వింది. గార్త్ ఆ గడ్డకట్టే చలిలో నిలబడిపోయాడు. తన మీద తనకే కోపం రావాలి, రాలేదు. ఆ ఫర్నేస్‌ని కావాలని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. దాన్ని వదిలిపోవాలని తనకి అంత తొందరేమీ లేదని అతనికి ఇప్పుడే తెలిసింది.